ఏ సగం బతికి ఉంది?

కంప్యూటర్ బటన్ నొక్కారు. కేబినెట్‌లో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. దరఖాస్తుకు రేపే ఆఖరి తేదీ కావచ్చు, పిల్లవాడి ప్రాజెక్టు సగంలో ఉండవచ్చు. ఇలాంటప్పుడు చెయ్యి ఊరుకోదు. బటన్ నొక్కి ఆపుతాం, వేస్తాం, మళ్లీ ఆపుతాం. వెనకున్న వైర్లన్నీ ఒక్కసారే పీకి, పట్టిన చోటల్లా గుచ్చుతాం. ఎవరో ర్యామ్ అన్నారని కేబినెట్ విప్పుతాం. ఒక్కోసారి బొమ్మ వచ్చేస్తుంది కూడా. కానీ దేనివల్ల పోయిందో, దేనివల్ల వచ్చిందో తెలియదు. వారం తిరక్కుండా మళ్లీ పోతే మళ్లీ మొదటి నుంచే మొదలుపెట్టాలి.

ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఒకే ఒక్క అలవాటు గురించి. ఒక వస్తువు పనిచేయనప్పుడు ఏం పాడైందని మొదలుపెడితే అనుమానాలకు అంతుండదు. ఏ సగం బాగుందో ముందు తేల్చుకుంటే, ఆ సగాన్ని పూర్తిగా మరిచిపోవచ్చు. మిగిలిన సగాన్ని మళ్లీ రెండు చేయవచ్చు. ఎనిమిది అనుమానాలుంటే మూడు ప్రశ్నల్లో తేలిపోతుంది, పదహారుంటే నాలుగు చాలు. ఇంజినీర్ల పనితనంలో పెద్ద భాగం ఇదే. దీనికి చదువు అక్కర్లేదు, కాస్త నిదానం కావాలి.

కుళాయి తిప్పితే నీళ్లు రాలేదనుకోండి, వెంటనే కొత్త కుళాయి కొనుక్కురాం. ట్యాంకులో నీళ్లున్నాయా అని మేడెక్కి చూస్తాం. తెర విషయంలో మాత్రం ఆ మేడ ఎక్కడం మానేసి నేరుగా మానిటర్ మీద తీర్పు చెప్పేస్తాం. చీకటిగా ఉందన్నది కంటికి కనబడినది. మానిటర్ పోయిందన్నది మనం దానికి తగిలించిన అభిప్రాయం. ఈ రెంటినీ విడదీయడంతోనే పని మొదలవుతుంది.

తెర మీద బొమ్మ కనబడాలంటే ముందు గోడ ప్లగ్గు నుంచి యూపీఎస్ మీదుగా కేబినెట్‌కు కరెంటు రావాలి. లోపలి ఎస్‌ఎంపీఎస్ దాన్ని చిన్న వోల్టేజీలుగా మార్చి మదర్‌బోర్డుకు ఇవ్వాలి. ప్రాసెసర్ నిద్రలేచి ర్యామ్‌ను పలకరించాలి. గ్రాఫిక్స్ భాగం బొమ్మను తయారుచేసి కేబుల్‌లోకి పంపాలి. అటువైపు మానిటర్ తన కరెంటు తాను తీసుకుని, ఆ సంకేతాన్ని అందుకుని, వెనకనుంచి వెలుగు ఇవ్వాలి. ఇంత గొలుసులో ఎక్కడ తెగినా మనకు కనబడేది అదే నలుపు.

గొలుసును మొదటిసారి తెంచాల్సిన చోటు కేబుల్. మానిటర్ వెనక నుంచి హెచ్‌డీఎంఐ గానీ వీజీఏ గానీ ఆ బొమ్మ కేబుల్‌ను తీసేయండి. కరెంటు వైరు మాత్రం ఉంచండి. ఇప్పుడు మానిటర్ బటన్ ఒక్కటే నొక్కి, కళ్లు తిప్పకుండా తెరనే చూడండి. దాదాపు అన్ని ఎల్‌సీడీ మానిటర్లూ ఈ స్థితిలో ‘నో సిగ్నల్’ అనో ‘చెక్ కేబుల్’ అనో ఒక చిన్న పెట్టెను చూపిస్తాయి. కొన్ని సెకన్లకే అది మాయమై మానిటర్ నిద్రపోతుంది కాబట్టి ఆ మాట పడే సమయానికి మీరు కిందికి వంగి వైర్లు చూస్తూ ఉండకూడదు. ఆ పెట్టె కనబడిందంటే మానిటర్‌కు కరెంటు అందుతోంది, వెనక దీపాలు వెలుగుతున్నాయి, గాజు పలక బొమ్మ చూపగలుగుతోంది. ఒక్క పరీక్షతో సగం గొలుసు నిర్దోషి అని తేలిపోయింది. ఇక కొత్త మానిటర్ ధర అడగాల్సిన పని లేదు.

పెట్టె రాకపోతే మానిటర్ వైపే ఉండండి. దాని అంచున ఉన్న చిన్న దీపం అసలు వెలుగుతోందా? వెలగకపోతే కరెంటు అందట్లేదు. చాలా మానిటర్లకూ కేబినెట్‌కూ ఉండే మూడు పిన్నుల వైరు ఒకే రకం. కేబినెట్ నడుస్తోంది కాబట్టి దాని వైరు మంచిదని మనకు ముందే తెలుసు. అందుకని ఆ రెండు వైర్లనూ అటూ ఇటూ మార్చి చూడండి. పైసా ఖర్చు లేని, జవాబు ఖాయంగా వచ్చే పరీక్ష ఇది. మానిటర్‌ను యూపీఎస్ నుంచి తీసి నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టి కూడా చూడండి. బయట అడాప్టర్ ఉండే మానిటర్ అయితే మాత్రం ఇంట్లో ఉన్న ఇంకో అడాప్టర్‌ను, పిన్ను పట్టింది కదా అని, గుచ్చకండి. అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టేజీ సరిపోవాలి, ఆంపియర్లు అసలుదాని కంటే తక్కువ కాకూడదు, ప్లస్ మైనస్ గుర్తులు కూడా కలవాలి.

దీపం వెలుగుతోంది, తెర మాత్రం చీకటి. అప్పుడు కేబుల్ మళ్లీ పెట్టి, కంప్యూటర్ వేసి, గదిలో లైటు ఆర్పండి. సెల్‌ఫోన్ టార్చిని తెరకు ఆనించినంత దగ్గరగా, ఏటవాలుగా పట్టుకుని చూడండి. కిటికీల బొమ్మలూ అక్షరాలూ నీడల్లా కనబడితే, బొమ్మ వస్తోంది కానీ వెనక వెలుగు లేదని అర్థం. పాత ఎల్‌సీడీల్లో ఈ వెలుగును పాదరసం ఉన్న సన్నటి ట్యూబులు ఇచ్చేవి, ఇప్పటివాటిలో ఎల్‌ఈడీ పట్టీలు ఇస్తాయి. ఆ పట్టీ గానీ, దాన్ని నడిపే సర్క్యూట్ గానీ పోయింది. అది మెకానిక్ పని, ఇంట్లో చేసే పని కాదు.

ఇక్కడ గట్టిగా ఒక మాట చెప్పాలి. మానిటర్ వెనక మూతను ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. దాన్ని డీసీగా మార్చే చోట కెపాసిటర్ మీద 325 వోల్టుల దాకా నిలుస్తుంది, ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా కొంతసేపు అలాగే ఉండవచ్చు. అటక మీద పడేసిన పాత గాజు బుడ్డి మానిటర్ అయితే ఇంకా ప్రమాదం, వాటి పిక్చర్ ట్యూబుకు వేల వోల్టులు అందుతాయి. కేబినెట్ లోపల ఉండే ఎస్‌ఎంపీఎస్ పెట్టె కూడా ఇదే కోవకు చెందుతుంది. ప్లగ్గు పీకాక కేబినెట్ పక్క మూత తీయవచ్చు, ర్యామ్ ముట్టుకోవచ్చు. మానిటర్‌కూ ఎస్‌ఎంపీఎస్‌కూ మాత్రం స్క్రూడ్రైవర్ పెట్టకూడదు. ధైర్యం చూపాల్సిన చోటు కాదిది.

మానిటర్ బతికే ఉందని తేలిందనుకుందాం. రెండో ప్రశ్న: కంప్యూటర్ నిద్ర లేచిందా? ఫ్యాన్ తిరగడం సాక్ష్యం కాదు. కరెంటు వస్తే చాలు, ఫ్యాన్ తిరుగుతుంది. నమ్మదగిన సాక్షి కీబోర్డు. క్యాప్స్ లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా దాని దీపం వెలిగి ఆరుతుంటే ప్రాసెసర్ మీ మాట వింటోందని అర్థం. వైర్‌లెస్ కీబోర్డుల్లో చాలావాటికి ఆ దీపం ఉండదు కాబట్టి ఇందుకోసం ఒక పాత వైరు కీబోర్డు ఇంట్లో దాచి ఉంచుకోవడం మంచిది.

అటు మానిటరూ ఇటు కంప్యూటరూ రెండూ బతికే ఉంటే లోపం మధ్యలోనే ఉంది. ఇక్కడే ఇంటి కేసులు ఎక్కువ తేలుతాయని నా నమ్మకం, పండగ ముందు మరీ ఎక్కువ. సంక్రాంతికి సున్నాలు వేయించినప్పుడో, దసరాకు ఆయుధపూజకని దుమ్ము దులిపినప్పుడో కేబినెట్ జరుపుతారు, వైర్లు తీస్తారు, మళ్లీ పెడతారు. కేబినెట్ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రాలు రెండు చోట్ల ఉండవచ్చు. యూఎస్‌బీ రంధ్రాల పక్కన నిలువుగా ఉన్నది మదర్‌బోర్డుది. కింద విడిగా, అడ్డంగా ఉన్న పట్టీలోది గ్రాఫిక్స్ కార్డుది. కార్డు ఉన్న మెషీన్‌లో మానిటర్‌ను కార్డుకే తగిలించాలి. ఇంటెల్ ఐ5-12400ఎఫ్ లాగా పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు. ఏఎండీ రైజెన్ 5 5600లో కూడా ఆ భాగం లేదు, 5600జీలో ఉంది. ఇలాంటి మెషీన్‌లో మదర్‌బోర్డు రంధ్రానికి ఎంత మంచి కేబుల్ పెట్టినా తెర నల్లగానే ఉంటుంది.

తర్వాత మానిటర్ బటన్లతో మెనూ తెరిచి ఇన్‌పుట్ చూడండి. కేబుల్ హెచ్‌డీఎంఐలో ఉండి, మానిటర్ వీజీఏ కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. తుడిచేటప్పుడు గుడ్డ తగిలి ఇన్‌పుట్ మారడం మామూలే. ఇక కేబుల్ సంగతి. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో, స్కూళ్లలో నడుస్తోంది. దాని ప్లగ్గుకు అటూ ఇటూ స్క్రూలుంటాయి, బిగిస్తే ఊడదు. కానీ వంకరగా నొక్కితే 15 పిన్నుల్లో ఒకటి వంగుతుంది. హెచ్‌డీఎంఐకి స్క్రూలు లేవు, పట్టు మీదే నిలబడుతుంది. టేబుల్ కదిలినప్పుడల్లా కొంచెం కొంచెంగా జారి, పైకి పెట్టినట్టే కనిపిస్తూ లోపల వదులైపోతుంది. రెండు చివరలూ తీసి, గట్టిగా లోపలికి నొక్కండి.

అనుమానం ఇంకా తీరకపోతే హాల్లో టీవీ ఉంది కదా. హెచ్‌డీఎంఐ ఉన్న ఏ టీవీ అయినా మీకు రెండో మానిటరే. అదే కేబుల్‌తో కేబినెట్‌ను టీవీకి కలపండి. టీవీలో బొమ్మ వస్తే కంప్యూటరూ కేబులూ మంచివే. రాకపోతే సెట్‌టాప్ బాక్సు కేబుల్ తీసి ప్రయత్నించండి. అది నిన్న రాత్రి దాకా బొమ్మ చూపించిన కేబుల్ కాబట్టి దాని మీద అనుమానం ఉండదు. ఒకసారికి ఒకటే మార్చాలన్న నియమాన్ని మాత్రం తప్పకండి. కేబులూ రంధ్రమూ రెండూ కలిపి మారిస్తే దేనిది తప్పో ఎప్పటికీ తెలియదు. మార్చే ముందు ఫోన్‌తో వెనక వైపు ఫొటో తీసుకోండి, ఏం మార్చారో, ఏం జరిగిందో ఒక కాగితం మీద రాసుకోండి. హడావుడి పడే మనసును ఆ కాగితమే కుదురుగా కూర్చోబెడుతుంది.

క్యాప్స్ లాక్ పలకలేదనుకోండి. అప్పుడు లోపం కేబినెట్‌లో ఉంది. 1981 నాటి మొదటి ఐబీఎం పీసీ నుంచీ ఈ యంత్రాలు లేవగానే తమను తాము పరీక్షించుకుంటాయి. ఆ పరీక్ష గట్టెక్కకపోతే లోపలి చిన్న స్పీకర్ బీప్‌లతో చెబుతుంది. ఆ బీప్‌ల అర్థం తయారీదారును బట్టి మారుతుంది. షాపులో కట్టించిన కేబినెట్లు చాలావాటిలో ఆ స్పీకరే ఉండదు. దానికి బదులు ఈమధ్య వచ్చిన మదర్‌బోర్డుల్లో చాలావాటి మీద ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్ అని నాలుగు చిన్న దీపాలు ఉంటున్నాయి. ఏది వెలిగి ఆగిపోయిందో చూస్తే అనుమానితుడు దొరికినట్టే.

ముందు తేలిక పని చేయండి. ప్లగ్గు గోడ నుంచి పీకేసి, కేబినెట్ పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. వోల్టేజీ ఎగిరిపడిన రాత్రి తర్వాత మొరాయించిన మెషీన్లు దీనితోనే లేవడం కద్దు. లేవకపోతే ర్యామ్. ప్లగ్గు మళ్లీ పీకేసి, పక్క మూత తీసి, కేబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి. ఒంటి మీది స్టాటిక్ కరెంటు దానిలోకి పోతుంది. ర్యామ్ పట్టీకి చివరనున్న క్లిప్పులు వంచి పైకి తీయండి. దాని బంగారు రంగు పళ్లను షాపులవాళ్లు పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దుతారు. మీరూ రుద్దవచ్చు, కానీ ఆ రబ్బరు పొడి ఒక్క రవ్వ కూడా స్లాటులో పడకూడదు. తిరిగి పెట్టేటప్పుడు క్లిప్పు టిక్కుమనేదాకా నొక్కాలి. రెండు పట్టీలుంటే ఒక్కదానితోనే వేసి చూడండి, తర్వాత రెండోదానితో.

ఇక్కడ ఓపిక పోగొట్టుకుని మంచి మెషీన్‌ను తప్పుబట్టేవాళ్లున్నారు. డీడీఆర్5 ర్యామ్ వాడే కొత్త కంప్యూటర్లు ర్యామ్ కదిలించాక మొదటిసారి వేస్తే దాన్ని కొత్తగా పరిచయం చేసుకుంటాయి. అందుకు కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. మధ్యలో ఆపేస్తే ఆ పని మళ్లీ మొదటికి వస్తుంది. బటన్ నొక్కి, లేచి వెళ్లి టీ తాగి రండి.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల ఆకారంలో ఉండే 3 వోల్టుల సీఆర్2032 బ్యాటరీని తీసి కొన్ని నిమిషాలాగి పెడితే సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. ఇది పనిచేసే చిట్కాయే, కానీ చేసే ముందు ఒకటి చూసుకోండి. ఈమధ్య కొన్న విండోస్ 11 మెషీన్లు చాలావాటిలో డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. సెట్టింగులు మారాయని కనిపెడితే అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. అది ఎవరి ఈమెయిల్ మీద ఉందో, పాస్‌వర్డ్ ఏమిటో ఫోన్‌లో ముందే చూసుకుని అప్పుడు బ్యాటరీ మీద చెయ్యి వేయండి.

ఇంకో రకం చీకటి ఉంది. బటన్ నొక్కగానే కంపెనీ లోగో కనబడింది, విండోస్ గుండ్రాలు తిరిగాయి, ఆ తర్వాత నల్లబడింది. ఇది మంచి వార్త. లోగో కనబడిందంటే మానిటర్, కేబుల్, ర్యామ్, గ్రాఫిక్స్ అన్నీ ఒక్క దెబ్బతో పాసైనట్టే. తగవు విండోస్‌తో మాత్రమే. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, ఒక బీప్ వినబడి తెర మిణుకుమంటుంది. అంతకుముందు టీవీకో ప్రొజెక్టర్‌కో కలిపి ఉంటే బొమ్మ ఇంకా అటే పోతూ ఉండవచ్చు. విండోస్ కీ వదలకుండా పీ ఒకటికి రెండుసార్లు నొక్కి, ఎంటర్ కొట్టి చూడండి. బాణం గుర్తు ఒక్కటే కనిపిస్తుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి టాస్క్ మేనేజర్ తెరిచి, కొత్త టాస్క్‌గా ఎక్స్‌ప్లోరర్ అని టైపు చేయండి. రిజల్యూషన్ మార్చిన వెంటనే నల్లబడితే ఏమీ ముట్టుకోకండి, 15 సెకన్లలో పాత స్థితికి అదే వెనక్కి వెళుతుంది. ఏదీ పనిచేయకపోతే విండోస్ మొదలయ్యేటప్పుడు పవర్ బటన్‌తో వరుసగా మూడుసార్లు ఆపితే సాధారణంగా రికవరీ తెర వస్తుంది. అక్కడినుంచి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఈమధ్య మారిన డిస్‌ప్లే డ్రైవర్‌ను వెనక్కి తిప్పవచ్చు.

ఈ పనులన్నీ దూరాన ఉన్నవాళ్ల చేత ఫోన్‌లో చేయించాల్సి రావడం మన కుటుంబాల్లో రోజూ ఉండేదే. తెనాలిలో బాబాయి, డాలస్‌లో అన్న కొడుకు అనుకోండి.

“మానిటర్ కాలిపోయిందిరా.”

“కాలిన వాసన వచ్చిందా బాబాయ్?”

“వాసనేం లేదు. నల్లగా ఉందంతే.”

“కింద మూల చిన్న దీపం ఉంటుంది చూడు, ఏ రంగులో ఉంది?”

“నారింజ రంగు.”

చాలా మానిటర్లలో ఆ నారింజ రంగుకు అర్థం ఒకటే: నేను సిద్ధంగా ఉన్నాను, బొమ్మ రావట్లేదు అని. ఒక్క ప్రశ్నతో డాలస్‌లో ఉన్నవాడికి సగం గొలుసు తెలిసిపోయింది. బాబాయి చెప్పిన తీర్పును కొట్టిపారేయలేదు, వాదించలేదు. కంటికి కనబడేది మాత్రం అడిగాడు. పెద్దవాళ్లకు సాయం చేసేటప్పుడు ‘ఏం నొక్కారు?’ అన్న ప్రశ్న నేరం మోపినట్టు వినబడుతుంది. వాళ్లు చెప్పడం మానేస్తారు, మనకు సాక్ష్యం పోతుంది. రంగులూ శబ్దాలూ అడిగితే ఆత్రంగా చెబుతారు. వీడియో కాల్‌లో కెమెరా వెనక్కి తిప్పమంటే ఇంకా మంచిది. వాళ్లు కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతుక్కోకుండా చూడండి. అక్కడ దొంగ నంబర్లు తిరుగుతుంటాయి. బిల్లు మీదో వారంటీ కార్డు మీదో ఉన్న నంబరుకే చేయమనండి. డబ్బు పోయిందని అనుమానం వస్తే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి.

ఇక షాపుకు తీసుకెళ్లక తప్పని స్థితి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ కావచ్చు, మీ ఊరి బస్టాండు ఎదుట చిన్న కొట్టు కావచ్చు, ‘తెర రావట్లేదు’ అని ఊరుకోకండి. రాసుకున్న కాగితం చూసి చెప్పండి: మానిటర్ టీవీ కేబుల్‌తో కూడా చూశాం, నో సిగ్నల్ అంటోంది, క్యాప్స్ లాక్ పలకట్లేదు, రెండు ర్యామ్‌లూ విడివిడిగా చూశాం, బోర్డు మీద ర్యామ్ దీపం వెలిగి ఉంది. ఈ నాలుగు ముక్కలు విన్న మెకానిక్ మీతో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది, మంచి మెకానిక్‌కు గంట పని తప్పుతుంది.

అక్కడ ‘ఫార్మాట్ కొట్టాలి’ అన్న మాట వినబడితే ఒక్కటి గుర్తు తెచ్చుకోండి. తెర చీకటైనంత మాత్రాన డిస్క్‌లోని పెళ్లి ఫొటోలకూ కాగితాలకూ ఏమీ కాలేదు. ఫార్మాట్ అంటే వాటిని తుడిచేయడం. అసలు లోగోయే రాని మెషీన్‌కు ఫార్మాట్‌తో సంబంధం లేదు, అది విండోస్ దాకా వెళ్లనే లేదు కదా. మర్యాదగా వద్దనండి. వీలైతే డిస్క్‌ను మీ ఎదుటే విప్పించుకుని ఇంటికి తెచ్చుకోండి. డిస్క్ లేకపోయినా బటన్ నొక్కగానే మదర్‌బోర్డు కంపెనీ లోగో తెర మీద రావాలి. రిపేరు పూర్తయిందని మెకానిక్ పిలిచినప్పుడు ముందు డిస్క్ లేకుండానే వేసి చూపించమనండి. ఆ లోగో కనబడ్డాక డబ్బులిచ్చి, డిస్క్ పెట్టించుకోండి.